మల్కాపురంలో గాడిద మాట్లాడిన రాత్రులు

వీడియో డెక్కు అద్దెకు తేవడమంటే ఆ రోజుల్లో విశాఖ మల్కాపురంలో చిన్న పని కాదు. సాయంత్రం షాపువాడి దగ్గర చేతిగడియారమో రేషన్ కార్డో కుదువ పెట్టి, కలర్ టీవీని దుప్పట్లో చుట్టి రిక్షాలో ఒళ్లో పెట్టుకుని, డెక్కుని ఇంకొకరు చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, గోతులొచ్చిన చోటల్లా రిక్షావాణ్ణి ఆపమంటూ వీధికి తెచ్చేసరికి గుంటలందరూ వెనకాల పరుగు. వినాయక చవితి నవరాత్రులకి ఒకసారి, ఎవరింట్లోనన్నా పెళ్లికో పేరంటానికో ఒకసారి, బోనసు చేతికొచ్చిన నెలలో ఒకసారి. రాత్రికి మూడు సినిమాలని బేరం. మొదట దేవుడి సినిమా, ముసలివాళ్ల కోసం. తర్వాత కొత్త సినిమా, అందరి కోసం. మూడోది ఫైటింగులది, మగవాళ్ల కోసం. ఆ మూడూ అయ్యాక, తెల్లారేదాకా అద్దె లెక్కలోనే ఉంది కదా అని ఊరికే వేసే నాలుగోది ఒకటుండేది. నేను చెప్పుకోవాలనుకుంటున్నది ఆ నాలుగో క్యాసెట్ గురించే.

వీధిలో చాపలు, గోనెసంచులు, ఇంట్లోంచి లాక్కొచ్చిన నవారు మంచాలు. పడమటి గాలి వీస్తే రిఫైనరీ వాసన, గాలి మళ్లితే ఎరువుల ఫ్యాక్టరీ ఘాటు, ఏ గాలీ లేకపోతే ఎవరింటి చూరుకిందో ఆరుతున్న ఎండుచేపల వాసన. 1957లో కాల్టెక్స్ వాళ్లు కట్టిన రిఫైనరీ అది. నేను ఊహ తెలిసి చూసేనాటికి హిందుస్తాన్ పెట్రోలియం అయిపోయింది గానీ, మా వీధిలో పెద్దవాళ్ల నోట కాల్టెక్సుగానే ఉండిపోయింది. దాని గొట్టం మీద రాత్రంతా మంట మండుతూ ఉండేది కాబట్టి వీధి ఎప్పుడూ పూర్తిగా చీకటయ్యేది కాదు. టీవీ బొమ్మ మీద ఆ ఎర్రటి వెలుగు పడి మెరుస్తోందని ఒక పాత చీరని అడ్డంగా కట్టేవాళ్లం. బి షిఫ్ట్ వాళ్లు పదింటికి దిగి, క్యారేజీలు చేత్తో పట్టుకునే వచ్చి కూర్చుని, జరిగిపోయిన కథ చెప్పమని పక్కవాళ్లని పీక్కుతినేవారు. సి షిఫ్ట్ వాళ్లు సగం సినిమాలో లేచి, హీరోయిన్ని విలన్ చేతుల్లో వదిలేసి డ్యూటీకి పోయేవారు. పూర్తిగా చూసినవాళ్లు వీధి మొత్తం మీద తక్కువ. ముసలమ్మలు అడ్డపొగ తాగుతూ, నిప్పు నోటి లోపల దాచుకుని, పెదవులు బిగించే నవ్వేవారు. ఆ నవ్వుకి పొగ ముక్కులోంచి వచ్చేది.

నాలుగో క్యాసెట్ ఓడ మీద పనిచేసే ఒకాయన తెచ్చింది. సెంటు సీసాలు, సబ్బులు, గడియారాలతో బాటు ఇలాంటివీ సీమ సామానులో భాగంగా వచ్చేవి. దాని మీద చీటీ చిరిగిపోయింది. అమెరికాలో ఎవరో వాళ్ల టీవీలోంచి ఎక్కించుకున్న టేపు, మధ్యమధ్యలో సబ్బుల ప్రకటనలు, కార్ల ప్రకటనలు కూడా అలాగే ఉన్నాయి. అమెరికా టేపులు వాళ్ల పద్ధతిలో పరుగెత్తడానికి చేసినవి, మన డెక్కు మన పద్ధతిలో తిప్పేది. రెండింటికీ వేగం కుదరదు. మన డెక్కులో ఆ టేపు నెమ్మదిగా నడిచేది, సగం బొమ్మ గీతలు, గొంతులన్నీ బరువెక్కి సాగిపోయేవి. తొంభై నిమిషాల సినిమా రెండు గంటలు దాటేది. దానికి తోడు అది తెలుపు నలుపు. కలర్ టీవీకి అద్దె కట్టి ఇదేటని సణిగేవాళ్లు సణిగేవారు. కానీ పడుకోబోయినవాళ్లు కూడా లేచి కూర్చునేవారు, ఎందుకంటే అందులో మిలిటరీ డ్రెస్సు వేసుకున్న ఒక కుర్రాడితో ఒక గాడిద మాట్లాడుతుంది.

గాడిద కాదు, కంచర గాడిద. అయితే కంచరపాలెందే అయ్యుంటుందని ఎవరో అన్నారు, ఆ మాట ఏళ్ల తరబడి మా వీధిలో చెల్లుబాటైంది. దాని పేరు ఫ్రాన్సిస్ అని, ఆ సినిమా పేరూ అదేనని, 1950లో వచ్చిందని, దాన్ని పట్టుకుని 1956 దాకా మొత్తం ఏడు సినిమాలు తీశారని నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు. కుర్రాడు డోనాల్డ్ ఓకానర్. గాడిద వేషం కట్టింది మాలీ అనే ఆడ కంచరం, గొంతు మాత్రం చిల్ విల్స్ అనే మగ నటుడిది. దాని నోట్లో దారం పెట్టేవారట. ఆ దారాన్ని వదిలించుకోవడానికి అది పెదవులు ఆడిస్తుంటే, ఆ ఆడింపుకి మాటలు అతికించారు. దర్శకుడు ఆర్థర్ లూబిన్ ఆ తర్వాత టీవీలో ఒక గుర్రం చేత కూడా మాట్లాడించాడు, 1961 నుంచి 1966 దాకా, మిస్టర్ ఎడ్ అని. అది మేం చూడలేదు. మాకు గాడిదే.

సాగిపోయిన ఆ గొంతులు వినలేక వాల్యూమ్ పూర్తిగా తగ్గించేసేవారు. అప్పుడు మా మావ మొదలెట్టేవాడు.

షిప్‌యార్డులో వెల్డరు. చుట్టూ ఇనుము మోతలో పనిచేసి చెవులు మందగించి, మామూలుగా మాట్లాడినా అరిచినట్టే మాట్లాడేవాడు. ఇంగ్లీషు రాదు, యార్డులో క్రేను కింద వాడే నాలుగు మాటలు తప్ప. ఏ తెరవేలుపుల గొంతునీ అనుకరించేవాడు కాదు, తన గొంతుతోనే గాడిదకి మాటలిచ్చేవాడు. టేపు నెమ్మదిగా నడిచేది కాబట్టి గాడిద పెదవులు కూడా నెమ్మదిగానే కదిలేవి, ఒక్క కదలికలో ఎన్ని మాటలైనా పట్టించడానికి కావలసినంత తీరిక. "ఏటి బావూ అలా సూత్తన్నావు, నాను మాట్టాడకూడదేటి? మీ ఆఫీసరు మాట్టాడితే ఇంతావు గదా!" అని గాడిద అంటే వీధి వీధంతా నవ్వేది. కథలో కుర్రాడు శత్రువుల మధ్య చిక్కుకుంటాడు, గాడిద తప్పిస్తుంది, ఎలా తప్పించుకొచ్చావని పెద్ద ఆఫీసర్లు అడిగితే గాడిద చెప్పిందంటాడు, వాళ్లేమో వీడికి మతి పోయిందని ఆసుపత్రిలో పడేసి బుట్టలు అల్లిస్తారు. బయటికొస్తాడు, గాడిద మళ్లీ ఏదో చెబుతుంది, వీడు పోయి నిజమే చెబుతాడు, మళ్లీ బుట్టలు. ఇందులో మావకి అనువదించవలసిందేమీ కనిపించలేదు. ఆఫీసర్లందరూ ఫోర్‌మన్లయిపోయారు, ఆసుపత్రి డిస్పెన్సరీ అయింది, బుట్టలల్లడం సస్పెన్షన్ అయింది, గాడిద మాత్రం ఓవర్‌టైం లెక్కల దగ్గర్నుంచి క్యాంటీన్ సాంబారు దాకా అన్నీ తెలిసిన పాత ఖలాసీ అయిపోయింది. ప్రతిసారీ మాటలు మారేవి. ఆ నెల యార్డులో ఏ గొడవ నడిస్తే గాడిదకి అదే గొడవ.

ఆ సినిమా కథ బర్మాలో నడుస్తుంది. ఆ సంగతి వీధిలో మొదట పట్టింది ఓ చదువుకున్న కుర్రాడు, తెర మీద పటం చూసి. బర్మా అంటే ఎవరికీ పట్టలేదు, రంగూన్, అంటే మనవాళ్ల రంగం, అన్నాడు. రంగం అన్న మాట చెవిన పడగానే మంచం మీద ముసలమ్మ చుట్ట తీసి కింద పెట్టింది. ఆవిడ తండ్రి రంగం పోయినవాడే. మా శ్రీకాకుళం, విశాఖ జిల్లాల పల్లెల్లోంచి ఎందరో స్టీమరెక్కి అక్కడి రేవుల్లోనూ ధాన్యం మిల్లుల్లోనూ మూటలు మోయడానికి వెళ్లారు. 1942లో జపాను వాళ్లు వచ్చిపడితే ఓడ దొరికినవాళ్లు ఓడలో, దొరకనివాళ్లు అడవుల్లో కాలినడకన తిరిగొచ్చారు, దారిలో ఎందరో రాలిపోయారు. అదే ఏడు ఏప్రిల్ 6న విశాఖ రేవు మీద కూడా బాంబులు పడ్డాయి, ఊరికి ఊరు ఖాళీ అయి పల్లెలకి పారిపోయింది. ఆవిడ తండ్రి తిరిగి రాలేదు. ఏటంటే, ఆ అడవి సూపించండి, ఆ అడవి ఇంకోసారి సూపించండి, అని అడిగేది. అది హాలీవుడ్డు వాళ్ల చెట్లూ చేమలూ అయ్యుంటాయని ఆవిడకి చెప్పగలిగినవాళ్లు లేరు, ఉన్నా చెప్పేవాళ్లు కాదేమో. మావ ఆ సీను దగ్గర మాటలాపేసేవాడు. నవ్వడానికి కూర్చున్న గుంటలం మాకు మధ్యలో ఈ ఆగడం చిరాకుగా ఉండేది.

బడిలో జంతువులు మాట్లాడటం మాకు కొత్త కాదు. 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రికలో ఎద్దూ సింహమూ నక్కలూ మాట్లాడతాయి, కానీ ఆ నక్కల భాష అర్థం కావడానికి మాస్టారు కావాలి. కరటకుడూ దమనకుడూ మా పంతులుగారికంటే పెద్ద పండితులు. చందమామలో కాకులూ తాబేళ్లూ శుభ్రంగా మాట్లాడతాయి, పొరపాటున కూడా ఏటి అనవు. సినిమాల్లో మా యాస మాట్లాడేవాళ్లెవరంటే పనిమనిషో, రిక్షావాడో, నవ్వించడానికి ఒక్క సీనులో వచ్చిపోయే పల్లెటూరివాడో. అలాంటిది మా యాస మాట్లాడుతూ, అందరికంటే తెలివిగా, ఆఫీసర్లకి బుద్ధి చెబుతూ, సినిమా పొడుగునా ఉన్న పాత్ర మేం చూసింది ఆ గాడిద ఒక్కటే. అప్పుడు ఇలా అనుకున్నామని కాదు. ఇప్పుడు అనిపిస్తోంది, అంతే.

ఆ రాత్రుల్ని బంగారం చేసి చెప్పడం నా వల్ల కాదు. మా వీధి చివర రజకుల ఇల్లొకటి ఉండేది, వాళ్లకి రెండు గాడిదలుండేవి. క్యాసెట్ వేసిన మర్నాటి నుంచి ఆ ఇంటి పిల్లాణ్ణి బడికి వెళ్లే దారంతా గాడిద గొంతుతో పిలిచేవాళ్లం. వాడు కొన్నాళ్లు నవ్వాడు, కొన్నాళ్లు కొట్టాడు, తర్వాత సినిమా వేసే రాత్రి వీధిలోకి రావడం మానేశాడు. మావ కూడా రాత్రి ముదిరి, లోపల చుక్క పడ్డాక, గాడిద చేత ఆడవాళ్ల మీద అనిపించే మాటలు వేరేగా ఉండేవి. ఒక్కొక్కరే చాపలు చుట్టుకుని ఇళ్లలోకి వెళ్లిపోయేవారు. ఎందుకు వెళ్లిపోతున్నారో మగవాళ్లెవరికీ తెలియనట్టే ఉండేది.

మన సినిమాల్లో జంతువులు మాట్లాడేవి కావు గానీ అన్నీ అర్థం చేసుకునేవి. సాండో చిన్నప్ప దేవర్ మద్రాసులో కూర్చుని ఏనుగుల చేత, పొట్టేళ్ల చేత, పాముల చేత వేషాలు వేయించాడు; 1971లో రాజేష్ ఖన్నాతో తీసిన హాథీ మేరే సాథీ హిందీ రానివాళ్లకి కూడా అర్థమైంది, 1978లో శ్రీప్రియతో తెలుగులో పొట్టేలు పున్నమ్మ వచ్చింది. 1993లో ఎస్వీ కృష్ణారెడ్డి రాజేంద్రుడు గజేంద్రుడు వచ్చేనాటికి నేను టిక్కెట్టు కొనుక్కుని చూసే వయసులో ఉన్నాను. తినడానికి లేనివాడికి లాటరీలో ఏనుగు తగలడం కంటే మంచి హాస్యం మన సినిమాల్లో తక్కువ. ఆ హాలులో నా వెనక సీట్లో ఎవరో ఏనుగుకి మాటలందిస్తూనే ఉన్నారు, సన్నగా, పక్కవాళ్లకి వినపడేంత. తిరిగి చూశాను. మావ కాదు. అంటే ఈ రోగం మా వీధిదొక్కటే కాదన్నమాట.

వీధిలోకి వచ్చే గంగిరెద్దు తలాడించి జవాబు చెప్పేది, అయ్యగారికి దండం పెట్టేది. కోతి పుట్టింటికీ అత్తింటికీ పోయి వచ్చేది. పంజరంలో చిలక ముక్కుతో కార్డు తీసి మా అప్ప పెళ్లి కుదురుతుందని చెప్పింది. గంగిరెద్దు ముక్కుతాడు, కోతి మెడలో తాడు రాసుకుపోయిన చోటు, చిలకకి కత్తిరించిన రెక్కలు, ఇవన్నీ కళ్లెదురుగానే ఉన్నా మేం చూసినవి కావు. 1998లో కేంద్రం ఎలుగులు, కోతులు, పులులు, సింహాల్లాంటివాటిని ఆడించడం నిషేధించింది, 2001లో నియమాలొచ్చి సినిమాలో ఏ జంతువుని వాడాలన్నా ముందు అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. రావలసినవే. దేవర్ తరహా సినిమాలకి అక్కడితో తలుపు మూసుకుంది, కంప్యూటర్ ఏనుగులకి తెరుచుకుంది.

కంప్యూటర్ జంతువుల కాలం అంతకుముందే, 1995లో బేబ్ అనే పందిపిల్ల సినిమాతో మొదలైందనుకోవచ్చు. పందులు తొందరగా పెరిగిపోతాయని ఆ ఒక్క వేషానికి నలభై ఎనిమిది పందిపిల్లల్ని వాడారు, నోళ్లు మాత్రం కంప్యూటర్‌లో కదిపారు. దారం పని అయిపోయింది. 2019లో లయన్ కింగ్ తెలుగులో వస్తే సింబాకి నాని, స్కార్‌కి జగపతిబాబు, పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి ఆలీ గొంతులిచ్చారు. 2024లో ముఫాసాకి మహేష్ బాబు. మా అన్న మనవడితో కూర్చుని చూశాను, బాగుంది, హాయిగా నవ్వుకున్నాను. ఎవరి నోరు ఎక్కడ కదలాలో అక్కడే కదిలింది, మాటకీ పెదవికీ మధ్య ఇంకొకరు దూరే సందు వెంట్రుకవాసి లేదు. పిల్లవాడు బొమ్మ మీంచి కళ్లు తిప్పలేదు, నేను మధ్యలో ఏదో అనబోతే "తాతా, విననియ్యి" అన్నాడు. న్యాయమే.

డెక్కులు ఎప్పుడు పోయాయో ఎవరూ గమనించలేదు. కేబుల్ వచ్చింది, సీడీలు వచ్చాయి, ప్రతి ఇంటికీ టీవీ వచ్చింది, వీధిలో చాప వేసుకోవలసిన పని తీరింది. అద్దె షాపు ముందు జిరాక్సు అయింది, ఇప్పుడు సెల్‌ఫోన్ల రిపేరు. టేపుకి బూజు పట్టి, అట్టపెట్టెతో సహా ఏ వానాకాలంలో ఎవరు పారేశారో తెలియదు. మావ రిటైరయ్యాక ఎక్కువ కాలం లేడు. ఆయన గొంతు ఎవరి దగ్గరా రికార్డు లేదు, పెళ్లి వీడియోలో ఒకచోట అక్షింతలు వేస్తూ కనిపిస్తాడు గానీ, దాని మీద సన్నాయి పాటలు ఎక్కించేశారు.

మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు గాడిద మాట వచ్చింది. అది ఫోర్‌మన్‌ని చుట్ట అడిగిందని మా అప్ప, చుట్ట కాదు ఓవర్‌టైం అడిగిందని మా అన్న, ఇద్దరికీ పంతం. అన్న కొడుకు ఫోన్లో వెతికి ఆ సినిమా పట్టేశాడు, మొదటిసారి దాని అసలు వేగంలో, అసలు గొంతుతో చూశాం. గాడిద చకచకా మాట్లాడేస్తోంది. తెలివైనదే, చమత్కారం ఉన్నదే. చుట్టా లేదు, ఓవర్‌టైమూ లేదు. మా అప్ప కాసేపు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇది ఆ సినిమా కాదు, ఏడు తీశారంటన్నావు కదా, ఇంకోటేదో పెట్టి సూడు, అంది.