బజారుకు దారి

రెండేళ్ల క్రితం షాబాన్ నెలలో మా ఇంటి పై పోర్షన్ ఖాళీ అయింది. గేటుకు టులెట్ బోర్డు తగిలించిన మూడోరోజు, అస్ర్ నమాజు ముగించుకొని వచ్చేసరికి ఒక యువకుడు గేటు ముందు నిలబడి ఉన్నాడు. యమన్ దేశస్థుడు. చదువు కోసం హైదరాబాద్ వచ్చాడట. కాస్త ఎడంగా అతని భార్య, ఆమె భుజం మీద నిద్రపోతున్న పసిపాప. సలాం చేసి, వచ్చీరాని ఇంగ్లీషులో ఇల్లు చూడవచ్చా అని అడిగాడు.

నేను చూపించలేదు. మా తమ్ముడి కొడుకు రాబోతున్నాడనీ, ఇల్లు అతనికి ఇస్తామని మాట ఇచ్చామనీ చెప్పాను. వచ్చేవాడూ లేడు, ఇచ్చిన మాటా లేదు. నమాజు చేసి వచ్చిన నోటితోనే అబద్ధమాడాను. విదేశీయులకు ఇల్లిస్తే అధికారులకు వివరాలు సమర్పించాలి, ఇరుగుపొరుగు ఏమంటారో, రేపు ఏ చిక్కు వచ్చిపడుతుందో - ఇవీ నాకు నేను చెప్పుకొన్న కారణాలు. అతను మాత్రం “జజాకల్లాహు ఖైరన్, అంకుల్” అని వెళ్లిపోయాడు.

రాత్రి భోజనాల వేళ ఈ సంగతి చెబితే నా భార్య కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “ఏమండీ, మీ నానీమా వాళ్ల అబ్బాజాన్ ఎక్కడి నుంచి వచ్చారన్నారు?” అని అడిగింది.

ముద్ద గొంతు దిగలేదు. నానీమా తండ్రిగారిది హజ్రమౌత్. నేటి యమన్‌లోని ప్రాంతం అది.

నీరు తక్కువైన ఆ లోయల నుంచి 19వ శతాబ్దంలో ఎందరో బతుకుతెరువు వెతుక్కుంటూ సముద్రాలు దాటారు. కొందరు జావా, మలయా ప్రాంతాలకు వెళ్లారు. కొందరు హైదరాబాద్ వచ్చి నిజాం ప్రభువుల అరబ్బు పటాలాల్లో సిపాయిలయ్యారు. వారి బ్యారక్‌లు ఉన్న చోటే నేటి బార్కస్. ఇంగ్లీషు మాట జనం నోళ్లలో నలిగి పేటకు పేరైంది. ఆ పటాలంలో జమేదారుగా ఉన్న ఉమర్ బిన్ అవజ్ అల్ ఖుఐతీ ఇక్కడ గడించిన ధనంతోనే హజ్రమౌత్‌లో ఒక రాజ్యానికి పునాది వేశాడు. వలస వచ్చినవారు ఉన్న ఊరినే కాదు, విడిచి వచ్చిన ఊరినీ మార్చగలరనడానికి ఇదొక నిదర్శనం.

అయితే మా కుటుంబ కథలో రాజ్యాలు లేవు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. అరబ్బు పటాలాలు రద్దయ్యాయి. కొందరు స్వదేశానికి తిరిగి వెళ్లారు. నానీమా తండ్రిగారు వెళ్లలేదు. తుపాకీ పట్టిన చేతులతో జామతోట కౌలుకు పట్టి, బుట్టలకెత్తి అమ్మారు. “బార్కస్ జామ” అని నగరం నేటికీ మెచ్చుకొనే ఆ పండ్ల వెనుక అలాంటి చేతులు ఎన్నో ఉన్నాయి.

మరి హలీం మాట? గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపే హరీస్ అరబ్బుల వంటకం. బార్కస్‌లో తెల్లవారుజామున అది నేటికీ దొరుకుతుంది. అది హైదరాబాద్ వంటిళ్లలోకి వచ్చాక పప్పులు, మసాలాలు, నెయ్యి, వేయించిన ఉల్లిపాయలు చేరాయి. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది. పరదేశం నుంచి వచ్చిన వంటకానికి మన నగరం పేరే ఇంటిపేరైంది. రమజాన్ సాయంత్రాలలో మతభేదం లేకుండా బారులు తీరే జనంలో, ఇది ఎవరి తిండి అని అడిగేవారెవరు?

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తూ ఉంటే మదీనా గుర్తుకు వచ్చింది. క్రీ.శ. 622లో హిజ్రత్ చేసి వచ్చిన ముహాజిర్లకూ, స్థానికులైన అన్సార్లకూ మధ్య దైవప్రవక్త (స) సోదర బంధం కుదిర్చారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇస్తానన్నారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనకు దుఆ చేసి, బజారుకు దారి మాత్రం చూపమన్నారు. ఎండబెట్టిన పెరుగు, నెయ్యి అమ్మకంతో మొదలుపెట్టి కొద్దికాలంలోనే మహర్ చెల్లించి నికాహ్ చేసుకొనే స్థితికి వచ్చారు. కందక యుద్ధ సమయంలో పర్షియా నుంచి వచ్చిన హజ్రత్ సల్మాన్ (రజి) చెప్పిన కందకమే మదీనాను కాపాడింది. ఆ నగరాన్ని నమాజుకు పిలిచిన కంఠం అబిసీనియా సంతతికి చెందిన హజ్రత్ బిలాల్‌ది (రజి). ఖైబర్ తరువాత, తమకు స్థోమత కలిగాక, అన్సార్లు అనుభవానికి ఇచ్చిన ఖర్జూరపు చెట్లను ముహాజిర్లు తిరిగి ఇచ్చివేశారు.

ఈ ఘట్టాన్ని ఎన్ని ప్రసంగాల్లో విన్నానో! అబ్దుర్రహ్మాన్ (రజి) గారి ఆత్మాభిమానాన్నే మెచ్చుకుంటూ వచ్చాను. ఆయన బజారుకు దారి అడగడానికి ముందు ఒకరు తలుపు తెరిచారన్న సంగతిని ఎన్నడూ పట్టించుకోలేదు. వచ్చినవాడు ఏమి ఇస్తాడో తలుపు మూసినవానికి ఎలా తెలుస్తుంది?

రమజాన్ వచ్చింది. ఒకరోజు ఫజ్ర్ తరువాత మా మనవడు మస్జిద్ నుంచి ఆలస్యంగా వచ్చాడు. “దాదా, కొత్త ఉస్తాద్ ‘ఐన్’ అక్షరం గొంతులోంచి ఎలా పలకాలో నేర్పిస్తున్నారు” అన్నాడు. మరునాడు వెళ్లి చూశాను. ఆ యమన్ యువకుడే! చుట్టూ మా వీధి పిల్లలు పదిమంది. రెండు వీధుల అవతల ఇల్లు దొరికిందట. ఎవరూ అడగకపోయినా పిల్లల ఖుర్ఆన్ పఠనాన్ని సరిదిద్దుతున్నాడు.

ఆ సాయంత్రం ఇఫ్తార్‌కు ముందు నా భార్య ఇచ్చిన హలీం గిన్నె పట్టుకొని అతని ఇంటికి వెళ్లాను. అజాన్ అయ్యాక ఖర్జూరంతో రోజా విరమించి, ఒక చెంచా రుచి చూసి నవ్వాడు. “ఇది మా హరీసే అంకుల్. మీ ఊరికి వచ్చి మీ బట్టలు కట్టుకుంది” అన్నాడు.

అప్పుడు చెప్పాను, ఆనాడు అబద్ధమాడానని. అతను కొంతసేపు గిన్నెకేసి చూశాడు. “నాకు తెలుసు. మీ గేటుకు ఆ బోర్డు మరో రెండు వారాలు ఉంది. మస్జిద్‌కు నేను ఆ దారినే వెళ్లేవాణ్ని” అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. పాపను నా ఒడిలో కూర్చోబెట్టి టీ తేవడానికి లోపలికి వెళ్లాడు.

వచ్చే నెలలో మా పై పోర్షన్ మళ్లీ ఖాళీ అవుతుంది. ఈసారి బోర్డు తగిలించే ముందు అతనినే అడిగాను, ఇల్లు దొరకక తిరుగుతున్నవారు ఎవరైనా ఉన్నారా అని. అధికారులకు ఇవ్వవలసిన కాగితాల సంగతి కనుక్కుంటే, అది కొద్దిసేపటి పనేనని తేలింది. అంతపాటి పనికి భయపడి నేను ఒక అతిథిని వాకిట్లోంచే పంపివేశాను. అల్లాహ్ నన్ను క్షమించుగాక! బజారుకు దారి అడిగేవారు వచ్చినప్పుడు మన తలుపులు తెరిచి ఉండే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.