జలంగీ పల్లెల్లో ఆర్సెనిక్ పరీక్ష

పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్, మాల్దా, నదియా, ఉత్తర, దక్షిణ 24 పరగణాల జిల్లాల్లో చాలా చేతిపంపుల నీళ్లలో ఆర్సెనిక్ ఉంది. ఇది ఏ ఫ్యాక్టరీ మురుగుతోనో వచ్చిపడింది కాదు. హిమాలయాల నుంచి నదులు వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రులో, ఇనుప ఆక్సైడ్ రేణువులను అంటిపెట్టుకుని ఉండిపోయింది. గాలి ఆడని లోతున, కుళ్లిన ఆకూ అలమూ తిని బతికే సూక్ష్మజీవులు ఆ ఇనుమును కరిగించేసరికి, దాంతోపాటే ఆర్సెనిక్ కూడా నీళ్లలోకి దిగుతుంది. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. మరగబెడితే పోదు సరికదా, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది.

చెరువు నీళ్లు తాగి కలరాతో, విరేచనాలతో పసిపిల్లలు చనిపోతున్న కాలంలో, ఆ చావులు ఆపడానికే ఇక్కడా, పొరుగున బంగ్లాదేశ్‌లోనూ ఊరూరా చేతిపంపులు వేశారు. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టడం అన్యాయం. తక్కువ ఖర్చులో నీళ్లు పడే లోతులోనే విషమూ ఉందని అప్పటికి ఎవరూ పరీక్షించి చూడలేదు. 1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవైద్యుడు కె.సి. సాహా పల్లెల నుంచి వచ్చిన రోగుల ఒంటి మీది మచ్చలకు కారణం ఆర్సెనిక్ అని పోల్చుకున్నారు. తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి బృందం దశాబ్దాల పాటు ఊళ్లు తిరిగి నీళ్లు, వెంట్రుకలు, గోళ్లు, మూత్రం సేకరించి పరీక్షించింది.

మేం వెళ్లింది జలంగీ బ్లాకులో, పద్మా నదికి దగ్గరగా ఉన్న ఒక పల్లెకు. పరీక్ష పెరట్లోనే జరుగుతుంది. పంపును కొన్ని నిమిషాలు కొట్టి, పైపులో నిలవున్న నీళ్లు పోయాక సీసా పడతారు. అందులో ఆమ్లపు పొడి, ఆ తర్వాత జింకు పొడి వేయగానే నీళ్లు బుసబుస పొంగుతాయి. నీళ్లలో ఆర్సెనిక్ ఉంటే ఆర్సీన్ వాయువై పైకి లేచి, మూతకు తగిలించిన మెర్క్యూరిక్ బ్రోమైడ్ కాగితపు ముక్కను తాకుతుంది. ఆ వాయువు విషం కాబట్టి గది లోపల ఈ పని చేయరు. కాగితం తెల్లగానే ఉంటే నిశ్చింత. లేత పసుపు నుంచి గోధుమ రంగుకు తిరిగిన కొద్దీ మోతాదు ఎక్కువని లెక్క. ఆ రంగును అట్టమీది రంగులతో పోల్చి చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. భారత్‌లో చాలాకాలం 50 దాకా సరిపెట్టుకుని, తర్వాత 10కి దించారు. బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ 50. ఈ కాగితం 10కీ 20కీ తేడా తేల్చలేదు. అనుమానం ఉన్న సీసా ప్రయోగశాలకు వెళ్లాల్సిందే.

“పక్కింటి పంపు మంచిదైతే మాది ఎందుకు కాదు?” అని ఒక ఇంటి ఇల్లాలు అడిగింది. ఊళ్లో అందరి ప్రశ్నా అదే. నేల పొరలు అడుగడుక్కీ మారతాయి. పాతిక గజాల దూరంలో రెండు పంపులకు పొంతన ఉండకపోవచ్చు. అందుకే ఊరికొక నమూనా తీస్తే చాలదు, ప్రతి పంపునూ చూడాలి. బంగ్లాదేశ్‌లో లక్షలాది పంపులు పరీక్షించి, చెడ్డవాటి మూతికి ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ రంగు పూశారు. చదువు రానివాళ్లకూ అర్థమయ్యే ఆ పద్ధతి ఎంతో గొప్పది. అయితే ఆ రంగు వెలిసిపోతుంది, కొత్త పంపులు పడుతుంటాయి, నీళ్ల స్వభావమూ మారుతుంటుంది. పరీక్ష ఒకసారి చేసి వదిలేసే పని కాదు.

ఒంట్లో ఎంత చేరిందో చూడటం ఇంకో లెక్క. ఆర్సెనిక్ నెత్తుటిలో కొన్ని గంటలే నిలుస్తుంది. మూత్రం గత కొద్ది రోజుల సంగతి చెబుతుంది. సముద్రపు చేపలు తిన్నవాళ్లలో పెద్దగా హాని చేయని మరో రకం ఆర్సెనిక్ కనబడి లెక్క తప్పిస్తుంది కాబట్టి, పరీక్షకు ముందు కొన్ని రోజులు వాటిని మానమంటారు. గోళ్లు, వెంట్రుకలు నెలల చరిత్ర చెబుతాయి. కాకపోతే అదే నీళ్లతో తలస్నానం చేస్తే విషం పైనుంచీ అంటుకుంటుంది. సీసం విషయంలో మాత్రం నెత్తురే ప్రమాణం. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోయినప్పుడు రక్తనమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ చెప్పింది. ఏ లోహానికి ఏ నమూనా తీయాలో తెలియకపోతే డబ్బు పోతుంది, తప్పుడు ధైర్యం మిగులుతుంది.

చర్మం చెప్పేది అన్నిటికన్నా ఆలస్యం. పొలం పనిచేసే ఒక నడివయసు మనిషి అరచేతులు చాచాడు. కాయలు కాసిన చేతుల్లాగే ఉన్నాయి గానీ, పార పట్టే చోట కాకుండా చెయ్యంతా చిన్న చిన్న గట్టి గింజలు లేచాయి. ఛాతీ మీద నల్లమచ్చల మధ్య తెల్లచుక్కలు, వాన చినుకులు పడ్డట్టు. ఇవి బయటపడటానికి ఏళ్లు పడుతుంది. చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయం క్యాన్సర్లు ఇంకా తర్వాత వస్తాయి. ముదిరిన జబ్బును వెనక్కి తిప్పే మందు లేదు. అందుకే మనిషి కంటే ముందు పంపును పరీక్షించాలి.

ఫలితం చెప్పి చేతులు దులుపుకుంటే ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు. మంచి పంపు ఎటు వైపు, ఎంత దూరంలో ఉందో అదే చీటీలో ఉండాలి. 150 మీటర్లు దాటిన లోతు పంపుల్లో చాలావరకు ఆర్సెనిక్ తక్కువ. తాగడానికీ వంటకీ ఆ నీళ్లు సరిపెట్టుకుని, బట్టలకూ గిన్నెలకూ పాత పంపు వాడుకోవచ్చు. అన్నం సంగతి మరవకూడదు. వరిపైరే మడి నీళ్ల నుంచి ఆర్సెనిక్‌ను పీలుస్తుంది. మంచి నీళ్లతో బియ్యం కడిగి, ఎసరు ఎక్కువ పెట్టి గంజి వారిస్తే చాలా భాగం పోతుంది. ఆ ఊళ్లో గంజి వార్చే అలవాటు ఇంకా ఉంది. వార్చిన గంజి పశువుల కుడితిలో కలుపుతారు, ఇంట్లోవాళ్లు తాగకుండా ఉంటే సరి.