మేడ మీది వైఫై, ఒక ఇల్జామ్

కింద హాల్లో ఓపెనయ్యే సైటు మేడ మీద గదిలో ఓపెన్ కాకపోతే మనవాళ్లు ముందు చేసే పని నెట్ కంపెనీకి ఫోన్ కొట్టి గుస్సా చేయడం. రెండో పని, మేడ మీద ఎవరు కూర్చుంటారో వాళ్ల మీద షక్ పడటం. నల్గొండలో మా ఆపా ఇంట్లో ఈ రెండూ జరిగాయి. మొదటిదానితో టైమ్ ఖరాబయింది, అంతే. రెండోది ఒక ఆడపిల్ల ఇజ్జత్ దాకా పోయింది. ఆపానీ పిల్లనీ అడిగే ఇది రాస్తున్నాను.

ఆపా ఇల్లు రెండంతస్తులు. ఇంటర్నెట్ డబ్బా కింద ముందుగదిలో ఉంటుంది. మధ్యలో స్లాబు, మెట్ల గోడ. మేడ మీద పిల్లల గదిలో సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప. దుల్హాభాయ్ పోయినసారి రియాద్ నుంచి ఛుట్టీకి వచ్చినప్పుడు ఒక ఎక్స్‌టెండర్ తెచ్చి మెట్ల దగ్గర ప్లగ్గులో పెట్టారు. దాని యాప్ తన ఫోన్‌లో వేసుకుని, పిల్లల కోసం ఉండే సెట్టింగులు ఆన్ చేసి వెళ్లిపోయారు. తండ్రి దూరంగా ఉన్నప్పుడు ఇట్లాగైనా నిగ్రానీ ఉండాలనుకోవడంలో నాకు తప్పు కనిపించదు. గల్ఫ్‌లో ఉన్న ఏ తండ్రికైనా ఆ ఫికర్ ఉంటుంది.

పెద్ద పిల్ల డిగ్రీ పూర్తి చేసి బ్రిటన్‌లో మాస్టర్స్‌కి అప్లికేషన్లు పెడుతోంది. అడ్మిషన్ చేతికొస్తేనే మైనారిటీల ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి ఆలోచించేది. లీడ్స్ యూనివర్సిటీ సైటు బాగానే వస్తోంది. ససెక్స్‌ది రావట్లేదు. ఎసెక్స్‌ది రావట్లేదు. ఇంట్లో పనంతా అయ్యి, ఇషా నమాజు అయ్యాక కూర్చుని, పాపం, మళ్లీ మళ్లీ కొట్టి చూసింది.

అటు రియాద్‌లో దుల్హాభాయ్ ఫోన్‌కి, ఆమె కొట్టిన ప్రతిసారీ ఒక సందేశం వెళ్లింది. ల్యాప్‌టాప్ పేరు, టైము, ఆపిన మాట. ఏ సైటో అందులో లేదు. మాట మాత్రం ఉంది. ఇంగ్లీషులో మూడక్షరాల మాట, పైన రాసిన రెండు యూనివర్సిటీల పేర్లు ఇంకోసారి చదివితే మీకే కనిపిస్తుంది. రాత్రి 11 తర్వాత, ఒకటి కాదు, 14 సందేశాలు.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది, పిల్లకి జవాబు చెప్పుకునే మోకా దొరికేది. ఆపాకి ఫోన్ చేసి, "ల్యాప్‌టాప్ కింద పెట్టించు. రాత్రి పూట వద్దు. యూకే సంగతి నేనొచ్చాక చూద్దాం" అన్నారు. ఎందుకో ఆపాకి సగం చెప్పారు. ఆపా పిల్లకి అసలు చెప్పలేదు, తల్లి నోటికి వచ్చే మాట కాదది. చాటుగా విన్న తమ్ముడు చెప్పాడు. ఆ తర్వాత ఆ పిల్ల నాలుగు రోజులు ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు, అన్నం దగ్గర కూడా ఖామోష్. అప్పుడు ఆపా నాకు ఫోన్ చేసింది.

నేను వెళ్లింది జుమ్మా రోజు. పిల్లని "నువ్వేం చూడబోయావు" అని అడగలేదు. "ఏ సైటు రాలేదో చూపించు బిటియా" అన్నాను. ఈ రెండు ప్రశ్నలకి ఎంత ఫరక్ ఉందో ఆమె మొహం చూస్తే తెలిసింది.

ముందు నా ఫోన్‌లో వైఫై బంద్ చేసి, మొబైల్ డేటా మీద ససెక్స్ సైటు చూశాను. వచ్చింది. అంటే సైటు నడుస్తోంది. తర్వాత ఎక్స్‌టెండర్‌ని ప్లగ్గు నుంచి పీకేసి, కింది వైఫైకి కలిపి చూశాను. అప్పుడూ వచ్చింది. అంటే కంపెనీ ఆపలేదు. సర్కారు హుకుం మీద, ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద కంపెనీలు ఆపే సైట్లు కొన్ని ఉంటాయి గానీ, అవి కిందా రావు, మీదా రావు. ఎక్స్‌టెండర్‌ని పీకి మరీ చూడటం దేనికంటే, రెండింటికీ ఒకే పేరు ఉన్నప్పుడు ఫోన్ దేన్ని పట్టుకుందో మనకి తెలియదు. మళ్లీ ప్లగ్గులో పెట్టి, లైటు నిలకడగా వెలిగేదాకా ఆగి, మేడ మీద చూస్తే రాలేదు. ల్యాప్‌టాప్‌లో రాలేదు, నా ఫోన్‌లోనూ రాలేదు. కాబట్టి ల్యాప్‌టాప్ బేకసూర్.

ఫోన్ సెట్టింగుల్లో ఐపీ అడ్రస్ చూశాను. కింద 192.168.1తో మొదలవుతోంది, మీద 192.168.0తో. ఉత్త సిగ్నల్ మోసే ఎక్స్‌టెండర్ అయితే మామూలుగా రెండు చోట్లా ఒకటే వరస ఉంటుంది. ఇది తనే ఒక చిన్న రౌటర్‌లా నడుస్తోందన్నమాట, దాని కాయిదాలు దానికి వేరే ఉన్నాయి. పేరు చెబితే నంబరు వెతికిచ్చే డీఎన్ఎస్ మీద కూడా షక్ వచ్చి, ల్యాప్‌టాప్‌లో దాన్ని 8.8.8.8కి మార్చి చూశాను. ఏమీ మారలేదు.

ఇక పిల్లని ఇంకొన్ని యూనివర్సిటీలు కొట్టమన్నాను. మాంచెస్టర్ వచ్చింది. గ్లాస్గో వచ్చింది. నాకు అప్పటికే పేరు మీద అనుమానం ఉంది, అందుకని మిడిల్‌సెక్స్ కొట్టించాను. అది దర్జాగా ఓపెనయింది! ఒక్క నిమిషం ఇద్దరం పరేషాన్. అప్పుడు పిల్లే పైన అడ్రస్ చూపించి, "ఖాలా, ఇందులో పేరంతా లేదు" అంది. నిజమే. ఆ యూనివర్సిటీ అడ్రస్ ఎండీఎక్స్ డాట్ ఏసీ డాట్ యూకే. ఆ మూడక్షరాలు వరసగా అందులో లేవు. అస్లీ సబబ్ దొరికింది.

ఎసెక్స్ అంటే తూర్పు సాక్సన్లు, ససెక్స్ అంటే దక్షిణ సాక్సన్లు, మిడిల్‌సెక్స్ అంటే నడిమి సాక్సన్లు. పాతకాలంలో అక్కడ స్థిరపడిన ఖౌముల పేర్లు అవి. యంత్రానికి చరిత్ర తెలియదు కదా. 1996లో ఇంగ్లండ్‌లోనే స్కన్‌థార్ప్ ఊరివాళ్లకి ఏఓఎల్‌లో ఖాతా తెరవడం కుదరలేదు, వాళ్ల ఊరి పేరు మధ్యలో ఒక బూతు ఇరుక్కుని ఉంది మరి. అంత పాత తక్లీఫ్ ఇది.

ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. ఇప్పుడు సైట్లు దాదాపు అన్నీ తాళం వేసిన లిఫాఫాల్లాగా వస్తాయి. మధ్యలో ఉన్న డబ్బాకి లోపలి ఖత్ కనిపించదు, పైన రాసిన అడ్రస్ కనిపిస్తుంది. అందుకే మాటలు పట్టుకుని ఆపే సెట్టింగు సైటు పేరులో అక్షరాలు వెతకడం తప్ప ఇంకేమీ చేయలేదు. పేరులో ఆ మాట లేని గలీజు సైటు హాయిగా లోపలికి వస్తుంది, యూనివర్సిటీ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఏ ఫోన్ ఎవరిదో చెప్పే లెక్క కూడా గట్టి గవాహీ కాదు. ఆండ్రాయిడ్ 10, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో గుర్తు చూపిస్తాయి.

జుమ్మా కాబట్టి దుల్హాభాయ్‌కి ఛుట్టీ. ఫోన్ చేసి, "భాయ్, ఇవాళ మీ యాప్‌లో ఏమైనా సందేశం వచ్చిందా?" అని అడిగాను. చూసి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, "వచ్చింది. నీ ఫోన్ పేరుతో ఉంది" అన్నారు. "అది ససెక్స్ యూనివర్సిటీ, భాయ్. మీ బిడ్డకి వచ్చినవి కూడా అవే. మీ యాప్ తెరిచి ఆ మాట తీసేయండి, ఇప్పుడే చూద్దాం" అన్నాను. తీశారు. ఇక్కడ పేజీ వచ్చింది. మళ్లీ పెట్టమన్నాను, మళ్లీ ఆగిపోయింది. రెండుసార్లు చూస్తే ఇక బహస్‌కి జాగా ఉండదని నా ఆలోచన.

పిల్లకి ఫోన్ ఇమ్మన్నారు. స్పీకర్ ఆన్‌లోనే ఉంది.

"బేటా, ఏ కోర్సు?"

చెప్పింది.

"లాస్ట్ డేట్ ఎప్పుడు?"

"మంగళవారం, అబ్బా."

"నాలుగు రోజులు పోయాయి నీకు." ఆయన గొంతు అక్కడ ఆగిపోయింది. పిల్ల దుపట్టా కొసతో కళ్లు తుడుచుకుని, "ఇంకా నాలుగున్నాయి అబ్బా" అంది. ల్యాప్‌టాప్ ఆ సాయంత్రమే మేడ మీదికి వెళ్లింది.

నిగ్రానీ పూర్తిగా తీసేయమని నేను చెప్పలేదు, ఇంట్లో పదకొండేళ్ల వాడు కూడా ఉన్నాడు. మాటల జాబితా తీసేయించి, ఎక్స్‌టెండర్ డీఎన్ఎస్‌లో 1.1.1.3, రెండోదిగా 1.0.0.3 పెట్టించాను. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లు 2020లో కుటుంబాల కోసం మొదలుపెట్టిన ముఫ్త్ సౌకర్యం అది. అక్షరాలు వెతకకుండా, సైటు ఏ రకందో పెట్టుకున్న జాబితాని బట్టి ఆపుతుంది. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ మార్చుకున్నవాడిని ఇది పట్టలేదు, తప్పుగా ఆపే సైట్లు ఇందులోనూ ఉండొచ్చు. యాప్ సందేశాలు దుల్హాభాయ్ తనే బంద్ చేసుకున్నారు. పాస్‌వర్డ్ ఇప్పుడు ఆపా దగ్గర కూడా ఉంది, గోడకున్న జంతరీ వెనక రాసి పెట్టుకుంది.