గోడవతలి అమ్మాయికి పప్పూ చారూ

ఏమ్మా, పొద్దున్న మీ వంటింట్లోంచి వచ్చిన వాసన పోపుదేనా? కంగారుపడకు, దెప్పడానికి అడగలేదు. ఆవాలు మాడితే వీధి చివరిదాకా తెలుస్తుంది, వాటి గుణమే అంత. ఇలా నీడలోకి రా. ఆ బట్టలు తర్వాత ఆరేసుకోవచ్చు. బాబు పడుకున్నాడా? అయితే అరగంట మనది.

మీ అత్తగారు ఆదివారం దిగుతున్నారట కదా, నిన్న మీ ఆయన చెప్పాడు. అందుకేనా ఫోన్లో ఆ గుత్తివంకాయా, ఆ పనసపొట్టు కూరా చూస్తూ కూర్చుంటున్నావు? పనసపొట్టుకి ఆవ పెట్టి, చేదెక్కకుండా, ముద్దవకుండా దించడమంటే మన గోదావరి వైపు పేరున్న వంటవాళ్లకే పరీక్ష. నీకెందుకే అది? గుత్తివంకాయ కూడా ఇప్పుడొద్దు. కాయలు నాలుగు పక్షాలుగా చీల్చి, కారం కూరి, విడిపోకుండా మగ్గపెట్టేసరికి నీకు చెమట్లు పడతాయి, అన్నం సంగతి మర్చిపోతావు.

వంట రాదని సిగ్గుపడతావేంటి? హాస్టల్లో చదువుకుని, హాస్టల్లోంచే ఉద్యోగానికెళ్లి, అక్కణ్ణుంచి పెళ్లిపీటల మీదకి వచ్చిన పిల్లవి. ఎప్పుడు నేర్చుకుంటావు? పూర్వం మాత్రం అందరికీ పుట్టుకతోనే వచ్చిందా ఏమన్నా? మాలతీ చందూర్ గారి ‘వంటలు - పిండివంటలు’ పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చయిందంటే కొన్నదెవరంటావు? వంట వచ్చినవాళ్లు కాదుగా. కాపరానికి వెళ్లే పిల్ల పెట్టెలో చీరల మధ్య ఆ పుస్తకం పెట్టి పంపిన ఇళ్లున్నాయి. ఆవిడే ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ ఏళ్ల తరబడి నడిపారు. ఆడవాళ్లు తమకి తెలీనివన్నీ ఉత్తరాలు రాసి అడిగేవారు, ఆవిడ ఓపిగ్గా చెప్పేవారు. ఇప్పుడు ఉత్తరం బదులు ఫోను, అంతే తేడా. కాకపోతే ఫోను నువ్వు అడిగిందొక్కటీ చెప్పి ఊరుకోదు, దాని వెనకాల ఇంకో నలభై చూపిస్తుంది. నీ తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి. రోజుకో కొత్త కూర చేస్తే ఏదీ రెండోసారి చెయ్యవు, రెండోసారి చెయ్యనిదే చెయ్యి తిరగదు. ఈ నెలంతా ఒక పప్పు, ఒక వేపుడు, ఒక చారు. వాటినే తిప్పి తిప్పి వండు. ఇంట్లోవాళ్లు ‘మళ్లీ ఇదేనా’ అంటే అననీ. అంటూనే తింటారు.

ముందు అన్నం సంగతి తేల్చుకుందాం. ఏ బియ్యం వాడుతున్నావు? సోనా మసూరా? కొట్లో ప్రతి సంచి మీదా అదే రాసి ఉంటుంది. బీపీటీ 5204 అని అడుగు, మన బాపట్లలో తయారైన సాంబ మసూరి, 1986 నుంచీ ఉంది, సన్నగా తేలిగ్గా ఉంటుంది. అయితే ఏ రకమన్నదాని కన్నా కొత్తవా పాతవా అన్నదే నీకు ముఖ్యం. పాత బియ్యం గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు, ఒక్కోసారి ఇంకో పావు కూడా పీలుస్తాయి. కొత్త బియ్యానికి అన్ని పోశావా, జావే. సంచి మార్చిన రోజు మాత్రం కాస్త తక్కువ నీళ్లతోనే మొదలుపెట్టు. పలుకుగా ఉంటే నాలుగు వేడినీళ్లు చిలకరించి, మూతపెట్టి సిమ్‌లో ఉంచుకోవచ్చు. ముద్దయితే మాత్రం చేసేదేం లేదు, పాలూ పెరుగూ కలిపి దద్ధ్యోజనం అనేసెయ్యడమే.

ఇక పప్పు. దీని దగ్గర కాస్త నిలబడి విను, ఎందుకంటే పప్పొక్కటి వస్తే నీ సంసారం సగం గట్టెక్కినట్టే. గ్లాసు కందిపప్పు రెండుసార్లు కడిగి, అరగంట నానబెట్టు. మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె. నూనె వేస్తే నురగ పొంగి విజిల్ కన్నంలోకి ఎక్కదు. కుక్కర్లో నేరుగా వేస్తే మాత్రం సగానికి మించి నింపకు. చింతపండు ఇప్పుడు వెయ్యకు, ముందే పులుపు తగిలితే పప్పు ఎంతసేపున్నా బద్దలు బద్దలుగానే ఉంటుంది. మీ పంపునీళ్లు ఉప్పగా ఉంటాయి కనక మంచినీళ్లతోనే ఉడకబెట్టు, లేకపోతే ఇంకా సతాయిస్తుంది.

ఎన్ని విజిల్సా? ఆ లెక్క నన్నడక్కు. ఒక్కో కుక్కర్‌ది ఒక్కో తీరు. ఒకటి ఊరికే కూస్తుంది, ఇంకోటి ఆగి ఆగి కూస్తుంది. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, గడియారం చూసుకుని పది పన్నెండు నిమిషాలు ఉంచు, చాలు. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆగిపోతాయి, కుక్కర్లో ఆవిరి ఒత్తిడికి 120 దాకా వెళ్తాయి. గంటసేపు ఉడకాల్సింది అందుకే పావుగంటలో తెమిలిపోతుంది. అంత వేడి లోపలుంది కనకే ఆవిరి తనంతట తను దిగేదాకా మూత జోలికి వెళ్లకూడదు. మీ ఆయన గరిటతో ఆ వెయిట్ ఎత్తి బుస్సుమనిపిస్తున్నాడు, మా కిటికీలోంచి కనిపిస్తోంది. మానమను.

ఉడికిందా? పప్పుగుత్తితో ఎనుపు. ఎనపగానే ముందు బాబుకి ఓ గరిటెడు తీసి పక్కన పెట్టు. కారం, పులుపు ఇంకా పడలేదు కదా, చిటికెడు ఉప్పు, బొట్టు నెయ్యి వేసి అన్నంలో మెత్తగా పిసికి పెట్టేసెయ్. వాడికి వేరే వంట అక్కర్లేదు. రెండు పొయ్యిల మీద రెండు వంటలు పెట్టుకునే నువ్వు అలిసిపోతున్నావు. మిగిలినదాంట్లో నాలుగు టమాటాలూ, మూడు పచ్చిమిరపకాయలూ విడిగా మగ్గించి కలిపావనుకో, టమాటాపప్పు. టమాటా బదులు పాలకూరైతే పాలకూరపప్పు, దోసకాయైతే దోసకాయపప్పు, మామిడికాయ వచ్చే రోజుల్లో మామిడికాయపప్పు. ఆకో కాయో మారింది, నీ చేతి పని మారలేదు. ఏమీ లేని రోజు ఉప్పేసి, మెత్తగా ఎనిపి, ముద్దపప్పు అను. మీ అమ్మ పంపిన ఆవకాయ ఉందిగా, పక్కన నెయ్యి గిన్నె పెట్టు. ఆ కంచం ముందు కూచుని ఇంకో కూర ఏదని అడిగిన తెలుగువాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఉప్పా? ‘తగినంత’ అని రాసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. తగినంతంటే ఎంతో తెలిస్తే వాళ్లనెందుకు అడగడం! గ్లాసు పప్పుకి చిన్న చెంచాతో తలగొట్టి ఒక్క చెంచా వెయ్యి. కలిపి, రెండు పొంగులు రానిచ్చి, నాలిక మీద వేసుకుని చూసి, కావాలంటే ఇంకో పావు చెంచా.

ఇక పొద్దున్న మాడిన ఆ పోపు సంగతి. నూనె పొయ్యిమీద పెట్టి డబ్బాల కోసం వెతుక్కుంటావు నువ్వు. ఈలోగా నూనె పొగలొచ్చేస్తుంది, అందులో ఏది పడినా బొగ్గే. పోపులపెట్టె మూత తీసి పక్కన పెట్టుకున్నాకే స్టవ్ వెలిగించు. మంట మధ్యస్తంగా ఉండాలి. శనగపప్పూ మినప్పప్పూ ముందు, వాటికి రంగు తిరగడానికి టైము కావాలి. అవి ఎర్రబడబోతుంటే ఆవాలు. చిటపటలు సద్దుమణుగుతుంటే జీలకర్ర, ఎండుమిర్చి, కావాలంటే చితక్కొట్టిన వెల్లుల్లి. స్టవ్ కట్టేశాక ఇంగువ, కరివేపాకు. ఆకు తుడిచి వెయ్యి, తడి ఉంటే మొహం మీదకి చిందుతుంది. అప్పటికీ మాడిందా, దాన్ని పప్పులో కలపకు. పారబోసి మళ్లీ పెట్టు. చెంచాడు నూనెకి కక్కుర్తిపడితే గిన్నెడు పప్పూ చేదవుతుంది.

వేపుళ్లలో బంగాళాదుంపతో మొదలుపెట్టు, అది ఎవరి చేతిలోనైనా లొంగుతుంది. దొండకాయ సన్నగా చక్రాల్లా తరిగితే త్వరగా వేగుతుంది. మొదట కాసేపు మూతపెట్టి మగ్గనిచ్చి, తర్వాత తీసేసెయ్. బెండకాయకి మూతే వద్దు. ముందు కడిగి, గుడ్డతో ఒక్కో కాయా తుడిచి, అప్పుడు తరగాలి. తరిగాక కడిగితే జిగురు. ఉప్పు కూడా దించబోయేముందే. వేపుడెప్పుడూ వెడల్పు మూకుట్లో చెయ్యి, ఇరుకు గిన్నెలో ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఉడుకుతాయి తప్ప వేగవు. తరగడం మీ ఆయనకి అప్పగించు. ల్యాపుటాపు ముందు కూచునే ముందు పావుగంట కత్తిపీటో చాకో పట్టుకుంటే ఉద్యోగమేం పోదు.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. బీరకాయ, ఆనపకాయ తొక్క తీయగానే చిన్న ముక్క నాలిక చివర పెట్టి చూడు. చేదుంటే కాయ కాయంతా పారెయ్యి. ఉప్పూ కారం ఎంత వేసినా ఆ చేదు పోదు, వండినా విరగదు, తింటే వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. పిల్లాడున్న ఇల్లు.

చారుకి పెద్ద కథేం లేదు. రెండు టమాటాలు చిదిమి, చిన్న ఉసిరికాయంత చింతపండు రసం పోసి, నాలుగు గ్లాసుల నీళ్లు, ఉప్పు, పసుపు, పచ్చివాసన పోయేదాకా మరగనీ. మిరియాలు, జీలకర్ర, ధనియాలు కచ్చాపచ్చాగా దంచి వెయ్యి. అంచుల వెంబడి నురగ లేచి పొంగబోతుంటే దించేసెయ్. పొడి వేశాక మరిగించావో, వాసనంతా ఆవిరైపోయి కషాయం మిగులుతుంది. కొత్తిమీర, పోపు. జలుబు చేసిన ఇంట్లో మిరియాలు ఇంకో నాలుగు ఎక్కువ.

మరీ ఓపిక లేని రోజుకి నిమ్మకాయ పులిహోర పెట్టుకో. పోపులో పసుపు వేసి, స్టవ్ కట్టేసి, కాస్త చల్లారాకే నిమ్మరసం పిండు. వేడి మీద పిండితే చేదొస్తుంది. గుడ్లు తింటే గుడ్డు పొరటు కన్నా తొందరగా అయ్యేదేం లేదు: ఉల్లిపాయలు బాగా వేగాక కొట్టి పోసి, కదిపి, తడి ఆరకుండానే దించేయడం. మీ అత్తగారు శనివారాలు గుడ్డు ముట్టరేమో, ముందు కనుక్కో. ఇడ్లీపిండి బయట కొనుక్కో, కందిపొడి కొనుక్కో. అన్నీ చేత్తోనే చెయ్యాలని రూలేమీ లేదు. రోజూ ఏడు రకాలు వండి వడ్డించినవాళ్లు ఏ కాలంలోనైనా వెనక నలుగురు చేసిపెట్టేవాళ్లుంటేనే వండారు.

చెడితే ఏం చెయ్యాలా? అడుగంటితే గీకకు, పైపైన వేరే గిన్నెలోకి వంచేసెయ్. అడుగు కదిపితేనే మాడు వాసన పైకొస్తుంది. కారం ఎక్కువైతే కూరలో కాస్త పెరుగో కొబ్బరిపాలో. ఉప్పెక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే లాగేస్తుందంటారు, నమ్మకు. దుంప లోపలికి నీళ్లెంత పీల్చుకుంటే ఉప్పూ అంతే వెళ్తుంది, మిగిలిన పులుసు ఉప్పదనం తగ్గేదేం లేదు. ఉప్పులేని పప్పో, నీళ్లో, పాలో ఇంకాస్త పోసి పెంచుకోవడం ఒక్కటే దారి. అందుకే ఉడికిన పప్పు ఓ కప్పు ఎప్పుడూ విడిగా ఉంచుకో.

అసలు నీ భయం పొయ్యిని చూసి కాదులే, మీ అత్తగారిని చూసి. నేను చెప్పేది చెయ్యి. వచ్చిన మర్నాడే ‘అత్తయ్యా, మీ అబ్బాయికి మీ చేతి మజ్జిగపులుసు ఇష్టమట, నాకు నేర్పరూ’ అని అడుగు. పక్కన నిలబడి, ఆవిడ వేసే ప్రతి గుప్పెడూ చెంచాతో కొలిచి రాసుకో. ఆవిడ చేతి లెక్క ఆవిడకే తెలీదు. నీకు కాగితం మీద ఉంటుంది. ఆ రోజు నీ వంటకి వంక పెట్టడానికి ఆవిడకి తీరికా ఉండదు.

అదిగో, బాబు లేచినట్టున్నాడు. వెళ్లు. ఆదివారం టమాటాపప్పు, బంగాళాదుంప వేపుడు, చారు, పెరుగు, అప్పడాలు, అంతకు మించి పెట్టకు. ఇదంతా శనివారం రాత్రి ఒకసారి వండి మీరిద్దరూ తిని చూడండి. ఉప్పు మాత్రం ఓ పలుకు తక్కువే వేసి, ఉప్పుగిన్నె కంచాల పక్కన పెట్టు.