ఫ్రేములో లేని కొండ

భిలాయ్ టౌన్‌షిప్‌లోని ఆ క్వార్టర్లో కొత్త కెమెరా పెట్టె విప్పగానే జరిగిన మొదటి పని దాన్ని వంటింటి తూకం యంత్రం మీద పెట్టడం. బ్యాటరీ, కార్డుతో కలిపి 344 గ్రాములు. కంపెనీ చెప్పిన లెక్క సరిపోయింది. అంతకుముందు పదేళ్లపాటు అతను భుజాన మోసింది దాదాపు 6 కిలోలు: డీఎస్ఎల్ఆర్, రెండు పెద్ద లెన్సులు, ట్రైపాడ్, వాటన్నిటినీ పెట్టుకునే సంచి. ''పిల్లల బొమ్మలా ఉంది, దీనికా ఇంత డబ్బు?'' అంది భార్య. అతను నవ్వి ఊరుకున్నాడు. బొమ్మలా ఉండటమే అతనికి కావలసింది.

అతనికి 48 ఏళ్లు. ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం. తండ్రి 1960లలో శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి రైలెక్కి వచ్చి ఇదే కర్మాగారంలో చేరారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి అలా వచ్చి, సెక్టార్లలో స్థిరపడి, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే కుటుంబాలు భిలాయ్‌లో చాలానే ఉన్నాయి. వారపు సెలవు దొరికితే కొండలెక్కి ఫొటోలు తీయడం అతని వ్యసనం. ఆ వ్యసనానికి మొదట అడ్డుపడింది నడుము. డోంగర్‌గఢ్‌లో బమ్లేశ్వరి అమ్మవారి కొండకు వెయ్యికి పైగా మెట్లు. ఓసారి ఆ మెట్ల కిందే సంచిని కారులో వదిలేసి ఖాళీ చేతులతో ఎక్కాడు. పైకి చేరేసరికి వాన వెలిసి, మైదానం మీద మబ్బుల నీడలు బారులు తీరి ఉన్నాయి. అంత ఖరీదైన కెమెరా కింద డిక్కీలో ఉంది. ఆ నెలలోనే దాన్ని అమ్మేశాడు.

కొత్తది తేలిగ్గా ఉండటంలో మాయమంత్రం ఏమీ లేదు. పాత తరహా కెమెరాల్లో లెన్సు వెనక ఓ అద్దం ఉంటుంది. అది వెలుగును పైకి మళ్లించి, గాజు పట్టకం ద్వారా కంటికి చేరుస్తుంది. బటన్ నొక్కగానే పైకి లేచి సెన్సర్‌కు దారి ఇస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమూ లేదు, పట్టకమూ లేదు. సెన్సర్ చూసేదే చిన్న ఎలక్ట్రానిక్ తెర మీద కంటికి కనిపిస్తుంది. 2008లో పానసోనిక్ జీ1తో మొదలైన ఈ తరహాను పెద్ద కంపెనీలు చాలాకాలం తేలిగ్గానే తీసుకున్నాయి. 2018లో నికాన్, కెనాన్ రెండూ తమ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలను తెచ్చాక వాదన ముగిసింది. అతను కొన్నది సోనీ ఎ6000. 2014 నాటి మోడల్, అదీ సెకండ్ హ్యాండ్‌లో.

భిలాయ్ చదునైన ఊరు. కొండ కావాలంటే కనీసం గంటన్నర ప్రయాణం. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి దక్షిణంగా వెళ్తే బాలోద్ దగ్గర తాందుల జలాశయం వస్తుంది. బ్రిటిష్ కాలంలో పొలాల కోసం కట్టిన ఆ చెరువు నీళ్లే తర్వాత ఉక్కు కర్మాగారానికీ ఆధారమయ్యాయి. ఇంకా ముందుకెళ్తే నేల రంగు మారుతుంది. రోడ్డు అంచు, చెట్ల ఆకులు, ఇంటి గోడలు అన్నీ ఎర్రబారతాయి. అది దల్లీ రాజ్‌హరా. భిలాయ్ నుంచి సుమారు 90 కిలోమీటర్లు.

అక్కడ గని హద్దులకు బయట, పశువులు తోలుకెళ్లే కాలిబాట పట్టుకుని ఓ గుట్ట ఎక్కి అతను తీసిన ఫొటో స్నేహితుల మెప్పు పొందింది. మంచు తెర, వరుసగా నీలం కొండలు, ముందు ఓ మోదుగ చెట్టు, వెనక నారింజ వెలుగు. పెద్ద సైజులో ప్రింటు తీయించి ముందు గదిలో తగిలించాడు. కంటి ఆపరేషన్ చేయించుకున్న తండ్రి కట్టు విప్పిన రెండు వారాలకు ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డారు.

''ఏ ఊర్రా ఇది?''

''రాజ్‌హరా, నాన్నా.''

''రాజ్‌హరాయా? మరి కొండేదిరా?''

అతనికి వెంటనే జవాబు దొరకలేదు. కొండ ఉంది. కానీ ఫ్రేముకు ఎడమ వైపు ఉంది. మెట్లు మెట్లుగా తవ్విన ఎర్రటి గని, దాని పక్కన కన్వేయర్, చెత్త మట్టి గుట్టలు. అందం చెడుతుందని కెమెరాను నాలుగు వేళ్లు కుడికి తిప్పాడు. మిగిలిన కాస్త అంచును ఇంటికొచ్చాక కంప్యూటర్లో కత్తిరించేశాడు. పదేళ్లుగా అతను చేస్తున్నది అదే. మరోదా చెరువు మీద సూర్యాస్తమయం తీస్తే పొగ గొట్టాలు రాకుండా చూసుకోవడం, వరి చేలు తీస్తే కరెంటు తీగలు చెరిపేయడం.

తండ్రి అడిగిన ప్రశ్న ముసలితనపు చాదస్తం కాదు. సర్వీసంతా ఆయన పని చేసింది ఖనిజం దించే విభాగంలో. రాజ్‌హరా నుంచి వచ్చే వ్యాగన్లను ఒక్కొక్కటిగా బోర్లించి ఖాళీ చేయించడం ఆయన ఉద్యోగం. ''ఆ కొండంతా మా చేతుల మీదుగానే పోయిందిరా'' అంటారు. ఇది అతిశయోక్తి అనిపించవచ్చు. కానీ లెక్క అలాగే ఉంది. భిలాయ్ కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. నాటి నుంచి ఆ కొలిమిలకు మేత రాజ్‌హరా, దల్లీ కొండలే. ఆ కొండే ఇనుమై, ఉక్కై, పట్టాలై దేశమంతా పరుచుకుంది. శ్రీకాకుళం వెళ్లాలంటే తండ్రీకొడుకులు ఎక్కే రైలు కింద కూడా అదే ఉండే అవకాశం ఎక్కువ.

ఆ ఎర్ర మట్టిలో కలిసింది కొండ ఒక్కటే కాదు. 1977 జూన్ 2, 3 తేదీల్లో రాజ్‌హరాలో పోలీసులు కాల్పులు జరిపినప్పుడు 11 మంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా శంకర్ గుహ నియోగి నాయకత్వంలోని గని కార్మికులు చందాలు వేసుకుని, శ్రమదానం చేసి 1983లో షహీద్ ఆస్పత్రిని నెలకొల్పారు. నియోగి 1991 సెప్టెంబరులో భిలాయ్‌లోనే హత్యకు గురయ్యారు. ఇక కొండ సంగతికొస్తే, ఆరు దశాబ్దాలకు పైగా సాగిన తవ్వకంతో నిల్వలు తరిగిపోయాయి. అందుకే కర్మాగారం చూపు ఇంకా దక్షిణాన ఉన్న రావ్‌ఘాట్ మీద పడింది. అక్కడికి వేసే రైలు మార్గం పనులు అడవిలో భద్రతా దళాల కాపలా మధ్య సాగాయి. 2022లో ప్రయాణికుల రైలు అంతాగఢ్ దాకా చేరింది. అంటే మరో కొండ వంతు వచ్చింది.

భూదృశ్యం అంటే మనిషి వేలు పడని ప్రకృతి అనే అభిప్రాయానికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1927లో బరువైన కెమెరా, 12 గాజు పలకలు మోసుకుని మంచులో కొండెక్కి, చివరి పలక మీద హాఫ్ డోమ్ శిఖరాన్ని పట్టాడు. తర్వాతి తరాలు ఆ మహాదృశ్యాన్నే అనుకరించాయి. కానీ 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పది మంది ఫొటోగ్రాఫర్లతో ఓ ప్రదర్శన జరిగింది. మనిషి మార్చేసిన నేలే దాని విషయం. అందులో పాల్గొన్న జర్మన్ దంపతులు బెర్న్డ్, హిల్లా బెషర్ దశాబ్దాలపాటు బ్లాస్ట్ ఫర్నేసులను, నీళ్ల ట్యాంకులను, గనుల కట్టడాలను ఫొటోలు తీశారు. భిలాయ్ వాసి తన ఫొటోల్లోంచి దేన్ని చెరిపేస్తున్నాడో దాన్నే వాళ్లు ముఖాముఖి నిలబడి చూశారు.

నిరుడు వానలు వెనకబట్టాక అతను మళ్లీ రాజ్‌హరాకు బయల్దేరాడు. ఈసారి సంచిలో తండ్రి పాత లెన్సు కూడా ఉంది. సోవియట్ నిపుణులు భిలాయ్‌లో ఉన్న రోజుల్లో, తిరిగి వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర తండ్రి కొన్న జెనిత్ కెమెరాది అది. 58 మిల్లీమీటర్ల హీలియోస్. కెమెరా ఎప్పుడో పాడైంది, లెన్సు మాత్రం బీరువాలో ఉండిపోయింది. అద్దానికి చోటు కావాలి కనుక జెనిత్‌లో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య దూరం దాదాపు 45 మిల్లీమీటర్లు. కొత్త కెమెరాలో అది 18 మాత్రమే. మిగిలిన దూరాన్ని ఓ లోహపు రింగుతో భర్తీ చేస్తే పాత లెన్సు హాయిగా పనిచేస్తుంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. సరిగ్గా కుదిరిన అంచులను తెర రంగుతో చూపిస్తుంది.

అయితే తేలిక కెమెరాకు తనవైన తిప్పలున్నాయి. తెర ఎప్పుడూ వెలుగుతుండటంతో బ్యాటరీ మూడు వందల పైచిలుకు ఫొటోలకే చేతులెత్తేస్తుంది. జేబులో మరో రెండు ఉండాలి. లెన్సు మార్చేటప్పుడు అడ్డంగా అద్దం లేని సెన్సర్ నేరుగా గాలికి తెరుచుకుంటుంది. రాజ్‌హరా ఎర్ర ధూళికి అంతకన్నా ఏం కావాలి? అందుకే హీలియోస్‌ను ఇంట్లోనే బిగించుకుని వచ్చాడు. అనుమతి లేకుండా గని లోపల కెమెరా తీయకూడదు. పాత గుట్టే ఎక్కాడు. ట్రైపాడ్ లేదు కనుక బండ మీద సంచి పెట్టి, దాని మీద కెమెరా ఆనించాడు. ఈసారి ఎడమకు తిప్పాడు. తెల్లవారు వెలుగు ఏటవాలుగా పడి గని మెట్లు ఒక్కొక్కటీ విడివిడిగా తేలాయి. పక్కనే తవ్వని వాలు మీద అడవి. రెండూ ఒకే ఫ్రేములో.

కొండ కింద టీ కొట్టు దగ్గర కారులో తండ్రి కూర్చుని ఉన్నారు. తానూ వస్తానని పట్టుబట్టారు, ఎక్కడం మాత్రం కుదరలేదు. అతను కెమెరా వెనక తెర మీద ఫొటో తెరిచి ఆయన చేతిలో పెట్టాడు. తేలికైనది కనుక వణికే చేతికీ అది బరువనిపించలేదు. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, దగ్గరగా పెట్టుకుని చూశారు. వేలితో ఆకాశం ఉన్నచోట ఏదో గీత గీశారు. ఒకప్పుడు శిఖరం అక్కడిదాకా ఉండేది కాబోలు.

''కొండ సగమే వచ్చిందేట్రా?'' అన్నారు.

''అంతే మిగిలింది, నాన్నా'' అన్నాడు కొడుకు.