రేగడి మీద ఇల్లు

కారు దిగీ దిగగానే కొడుకూ కోడలూ వంటగది చూడ్డానికి లోపలికి పరుగెత్తారు. పెద్దాయన మాత్రం గుమ్మం దాటలేదు. ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనకవైపు ఇటుకల సందులో వేలు పెట్టి చూశారు. వంగి చిటికెడు మట్టి తీసి నలిపారు. 'ఇదేమిట్రా, మన నల్లరేగడిలాగే ఉందీ!' ఆ ఇంటి గురించి ఆయన అన్న మొదటి మాట అదే.

అమెరికాలోని డాలస్ దగ్గర ఫ్రిస్కో అది. పెద్దాయన నరసరావుపేట వైపు పంచాయతీరాజ్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చారు.

ఆయన పోల్చుకున్నది నిజమే. డాలస్ చుట్టుపక్కల చాలా మేర నల్లబంకమట్టి నేల. బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. మన పల్నాడు రేగడిలాగే తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని నెర్రెలిస్తుంది. దాని మీద కాంక్రీటు పలక పోసి కట్టిన ఇళ్లే అక్కడ ఎక్కువ. కింద నేల ఒకపక్క లేచి మరోపక్క కుంగితే తలుపులు పట్టేస్తాయి. ఇటుక గోడలో పగులు మెట్లు మెట్లుగా పైకి పాకుతుంది. కొత్తగా రంగేస్తే లోపలి గోడల మీద అదీ కనపడదు.

మనదగ్గర ఇల్లు కొనాలంటే ఈసీ తీయిస్తాం. లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపిస్తాం. వాస్తు చూసేవారిని వెంటబెట్టుకెళ్తాం. ఈశాన్యం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా శ్లాబు మీద పెట్టం. అమెరికాలో ఆ పనికి హోమ్ ఇన్‌స్పెక్టరని ఒక మనిషి ఉంటాడు. పైకప్పు, అటక, కరెంటు ప్యానెల్, నీటి గొట్టాలు, ఏసీ, పునాది... మూడు నాలుగు గంటలు తిరిగి ఫొటోలతో రిపోర్టు ఇస్తాడు. గోడలు పగలగొట్టి చూడడు. కొనమనీ వద్దనీ చెప్పడు. టెక్సస్‌లో అయితే పునాది ఎలా ఉందో తన అభిప్రాయం రాసి తీరాలి.

చిక్కల్లా ఆ మనిషిని ఎవరు తేవాలన్నదే. టెక్సస్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాక 'ఆప్షన్ పీరియడ్' అని కొద్దిరోజుల గడువు కొనుక్కోవచ్చు. ఆలోపు ఏ కారణం చెప్పకుండానైనా తప్పుకోవచ్చు. తనిఖీ ఆ నాలుగురోజుల్లోనే అయిపోవాలి. ఆ తొందరలో చాలామంది ఏజెంటు చెప్పిన పేరుకే సరేననేస్తారు. వీళ్ల ఏజెంటు తెలుగాయనే. సంక్రాంతి సంబరాల్లో పరిచయం. 'మనవాడొకడున్నాడు, రెండు గంటల్లో చూసేస్తాడు' అన్నాడు.

కోడలికి ఎక్కడో గుచ్చుకుంది. ఇల్లు అమ్ముడైతేనే ఏజెంటుకి కమిషన్. వారం వారం ఆయన పంపే పనుల మీద బతికే ఇన్‌స్పెక్టరు పునాది బాగాలేదని గట్టిగా రాయగలడా? ఏజెంట్లు చెప్పేవాళ్లంతా అలాంటివాళ్లని కాదు. కొందరు మూడు నాలుగు పేర్లిచ్చి మీరే చూసుకోమంటారు. కానీ 'వద్దంటే ఆయనేమనుకుంటాడో' అని భర్త నసిగాడు. విదేశంలో మొహమాటం ఇంకో రెండింతలు!

తేల్చింది పెద్దాయనే. 'కాంట్రాక్టరు తెచ్చుకున్న మనిషి ఎం-బుక్కులో కొలతలు రాస్తే ఎలా ఉంటుందిరా? అంతే ఇది' అన్నారు. ఆ వెంటనే 'అసలు ఇంకొకడెందుకు, నేను చూసి చెప్పలేనూ?' అన్నారు. 'మీరు చెబితే మేం వింటాం మామయ్యగారూ, అమ్మేవాళ్లు వినరుగా. కాగితం కావాలి' అంది కోడలు. ఆయన కాసేపు ముభావంగా ఉండి, 'అదీ నిజమేలే' అన్నారు.

ఆ రాత్రే ఆమె టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వెబ్‌సైట్లో లైసెన్సులు వెతికింది. అన్నిచోట్లా ఈ సదుపాయం ఉండదు. కాలిఫోర్నియాలో హోమ్ ఇన్‌స్పెక్టర్లకి రాష్ట్ర లైసెన్సే లేదు. తర్వాత ముగ్గురికి ఫోన్ చేసింది. 'మరమ్మతులు కూడా నేనే చౌకగా చేసిపెడతాను' అన్నాడు ఒకాయన. తప్పు ఎక్కువ చూపిస్తే పని ఎక్కువ దొరుకుతుంది మరి! ఆ పేరు కొట్టేసింది. 'మీరు రానక్కర్లేదు, రిపోర్టు మెయిల్ చేస్తా' అన్నాడు రెండో ఆయన. మూడో ఆయన పాత రిపోర్టొకటి, పేర్లూ చిరునామాలూ తీసేసి పంపాడు. 'తప్పకుండా రండి, పాత బూట్లు వేసుకోండి' అన్నాడు. ఫీజు మిగతా ఇద్దరికంటే ఎక్కువ. అతన్నే పిలిచారు.

తనిఖీ రోజు అతను ప్రతి గదిలోనూ నేల ఎత్తుపల్లాలు కొలిచాడు. వెనక మూల అంగుళం పైనే కిందికుంది. పైకప్పు నీళ్లు తిన్నగా పునాది పక్కనే పడుతున్నాయి. పెద్దాయన వేలు పెట్టిన పగులు దగ్గరే అతనూ ఆగి ఫొటో తీశాడు. ఆయన మొహం చూడాలి అప్పుడు! ఒకరి ఇంగ్లిషు ఒకరికి సగమే అర్థమవుతున్నా, మట్టి చేతిలో పట్టుకుని ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించమని అతను రిపోర్టులో రాశాడు. చూపించారు. మరమ్మతు తప్పదన్నాడు. ధర తగ్గించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోలేదు. గడువు చివరి సాయంత్రం వీళ్లు తప్పుకున్నారు. ఆప్షన్ ఫీజు, తనిఖీ ఖర్చులు పోయాయి. వంటగది చాలా బాగుందని కోడలు రెండ్రోజులు దిగులుపడింది.

ఏజెంటు మూడువారాలు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనే ఫోన్ చేసి ఇంకో ఇల్లుందన్నాడు. ఈసారి అడక్కుండానే ముగ్గురు ఇన్‌స్పెక్టర్ల పేర్లు చెప్పాడు. 'మాకు మనిషున్నాడండీ' అంది కోడలు.

అప్పటికి పెద్దాయన నరసరావుపేట వెళ్లిపోయారు. కొత్త ఇంటి ఫొటోలు పదిహేను పంపించాడు కొడుకు. వంటగది, బాల్కనీ, పూజగదికి అనుకున్న మూల. రాత్రికి ఆయన ఫోన్ చేశారు.

'అన్నీ బాగున్నాయిగానీ, పెరట్లో మట్టి ఫొటో పెట్టలేదేంరా?'