ఆపినచోటి నుంచే

కోపం వచ్చినప్పుడు గోడమీది స్విచ్చి జోలికి పోకూడదన్న సంగతి నాకు నలభై ఆరో యేట తెలిసింది. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెప్పి బతుకుతున్నవాణ్ణి. శాంతమే భూషణమని వారానికి రెండుసార్లైనా బోధిస్తూంటాను. అయినా యింట్లో పాఠం నాకే చెప్పవలసి వచ్చింది.

మేముండేది నాచారంలో, రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పుల వల్ల మా అమ్మ మెట్లు దిగి రెండేళ్ళయింది. ఒకప్పుడు ఉప్పల్ దాకా నడిచి వెళ్ళి కూరలు తెచ్చి, బస్సు డబ్బులు మిగిల్చానని మురిసిపోయే మనిషి! ఇప్పుడు బాల్కనీలో కూర్చుని, "ఉప్పల్‌లో మనుషులు నడిచే వంతెన కట్టారటగా, ఎలా వుంది?" అని వచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతుంది. అది ఉప్పల్ చౌరస్తాలో 2023లో తెరిచిన స్కైవాక్.

ఇంటరు చదివే మావాడు నాయనమ్మ కోసం ఒక కంప్యూటరు ఆట తయారుచేశాడు, పైథాన్ భాషలో. అందులో ఒక ముసలమ్మ సంచీ పట్టుకుని నాచారంలో బయల్దేరి, లారీలనూ కుక్కలనూ తప్పించుకుంటూ, హబ్సిగూడ మలుపు తిరిగి, ఎన్.జి.ఆర్.ఐ., స్టేడియం దాటి, మెట్రో స్తంభాల నీడన ఉప్పల్ చేరాలి. అమ్మ రోజూ సాయంత్రం ఓ అరగంట ఆడేది. పన్నెండు రోజులకు స్టేడియం దగ్గరికొచ్చింది. అన్నం తింటూ, "ఇవాళ హబ్సిగూడలో యెండ చంపేసిందిరా" అంటూంటే మేం నవ్వుకునేవాళ్ళం.

ఒక రాత్రి పదకొండింటికి చూద్దును గదా, పరీక్షలు పది రోజుల్లో పెట్టుకుని మావాడు ఆ ఆటకే ఏదో మరమ్మతు చేస్తున్నాడు. "ఆపు" అన్నాను. "ఒక్క నిమిషం నాన్నా, సేవ్ అవుతోంది" అన్నాడు. నేను స్విచ్చి నొక్కేశాను.

మర్నాడు అమ్మ కూర్చుని ఆట తెరిచింది. తెర నల్లగా అయి, ఆట ఆగిపోయింది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అంతే. "మళ్ళీ నాచారం నుంచే నడవాలా నాయనా?" అంది. ఆ మాట యింకెవరన్నా అని వుంటే నవ్వేవాణ్ణి.

మావాడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. "తప్పు నాదే నాన్నా" అని, విషయం నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. ఆట మొదలవగానే ముందు ఒక ప్రశ్న వేసుకుంటుందట: పాత ఆట తాలూకు ఫైలు వున్నదా? లేకపోతే కొత్త ఆట. వుంటే ఆపినచోటి నుంచి. రాసేటప్పుడేమో పాతదాన్ని తుడిచేసి, అదే ఫైలులో కొత్తది రాస్తుంది. తుడిచాక, రాయకముందు నేను కరెంటు తీశాను. ఫైలు పేరు మిగిలింది, లోపల ఒక్క అక్షరం లేదు. "వున్నదా అని అడిగాను గాని, అందులో ఏమైనా వున్నదా అని అడగలేదు" అన్నాడు.

నాకు భారతం గుర్తొచ్చింది. నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆపాడు. తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. ఎఱ్ఱన వచ్చి, నన్నయ ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడ అందుకుని, ఆయన ధోరణిలోనే మొదలుపెట్టి, రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. మొదటి అతుకు అతికేట్టు చూసుకోవడమంటే అదీ! ఈ మాట మావాడితో అంటే వాడు తన పురాణం విప్పాడు. 1986లో జపానులో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ అనే ఆటలో యిలా దాచుకునే వీలే లేదట. ఆపేటప్పుడు ఆట యిరవై అక్షరాల మంత్రం చెబుతుంది. కాగితం మీద రాసుకుని, మర్నాడు తప్పు లేకుండా అప్పజెప్పాలి. 1987లో అమెరికాలో అమ్మిన జెల్డా అనే ఆటపెట్టెలోనైతే, జ్ఞాపకం చెరగకుండా చిన్న బ్యాటరీయే పెట్టారట.

"కాగితమంటే గుర్తొచ్చింది" అంటూ అమ్మ గోడమీది క్యాలెండరు తెప్పించింది. పాల లెక్క పక్కన రోజుకో వరస: "హబ్సిగూడ, 210, గొడుగు", చివరిది "స్టేడియం, 340, గొడుగు, మజ్జిగ సీసా." "పాలవాడి లెక్కే రాసుకుంటాను, మిషను లెక్క రాసుకోనా?" అంది.

మావాడి ఫైలు మనుషులు చదివే అక్షరాల్లోనే వుంటుంది. ఆ నాలుగు ముక్కలూ అందులో టైపు చేశాడు. ముసలమ్మ స్టేడియం దగ్గర గొడుగు పట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రమే వాడు పద్ధతి మార్చాడు. ఇప్పుడు ఆట ముందు వేరే పేరుతో ఫైలు రాస్తుంది. అది పూర్తయ్యాకనే పాతదాని పేరు దానికి పెడుతుంది. వెనకటి నకలు ఒకటి విడిగా వుంచుతుంది. తెరిచేటప్పుడు రెండు ప్రశ్నలు: వున్నదా? నిండుగా వున్నదా? రెండోదానికి కాదని జవాబొస్తే నకలు తీస్తుంది. రాత్రి పదింటికి తనంతట తనే కంప్యూటరు కట్టేసి పుస్తకం తీశాడు.

మూడోనాడు అమ్మ ఉప్పల్ స్కైవాక్ ఎక్కింది. పైనుంచి చూసి, "ఇంత ఎత్తా!" అంది. నేనేమో స్విచ్చి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా, "అయిందిట్రా?" అని అడుగుతున్నాను. అడిగాక జవాబు వినేదాకా ఆగుతున్నాను కూడా.